నుడికారం ముందు, జాతీయాల పట్టిక తర్వాత

హైదరాబాద్ అమీర్‌పేటలో గానీ మరో ఊళ్లో గానీ ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే కోర్సులో చేరినవారి చేతికి మొదటి వారంలోనే తరచూ ఒక జిరాక్సు కాగితం వస్తుంది. వంద ఇంగ్లీషు జాతీయాలు, పక్కనే తెలుగు అర్థాలు. ‘పీస్ ఆఫ్ కేక్’ అంటే చాలా తేలిక. ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అంటే ఎప్పుడో అరుదుగా. ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అంటే కుండపోత వాన. డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు పాఠం చెప్పే నా దగ్గరికి ఆ కాగితం తెచ్చి, ఇవన్నీ నోటికి వస్తే ఇంగ్లీషు వచ్చినట్టేనా అని అడిగే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. రాదు. పైగా నేర్చుకోవలసిన అసలు సంగతి నుంచి ఆ కాగితం వాళ్ల దృష్టి మళ్లిస్తుంది. ఈ మాట గట్టిగానే చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఆ కాగితానికి ఒక మూలం ఉంది. విదేశాలకు వెళ్లేవారు రాసే ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో, మాట్లాడే విభాగానికి మార్కులు ఏ ప్రమాణాలతో వేస్తారో అందరూ చదువుకోవచ్చు. గరిష్ఠం తొమ్మిది. ఏడు రావాలంటే అంతగా వినపడని మాటలనూ, ‘ఇడియొమాటిక్’ పదాలనూ కొంతవరకు వాడగలగాలి, ఏ మాట పక్కన ఏ మాట ఒదుగుతుందో కొంత ఎరుక ఉండాలి అని అందులో ఉంది. దీన్ని మనవాళ్లు ‘జాతీయాలు దట్టిస్తే ఏడు వస్తుంది’ అని చదువుకున్నారు. తెలుగులో మనకు రెండు వేర్వేరు మాటలున్నాయి. ‘కాళ్లకు బలపం కట్టుకుని తిరగడం’ లాంటిది జాతీయం. ‘సైకిలు తొక్కాను, కారు నడిపాను, ఈత కొట్టాను, ఈల వేశాను’ అని ఏ పనికి ఏ క్రియ పొసగుతుందో తెలిసి మాట్లాడటం నుడికారం. పరీక్ష అడుగుతున్నదాంట్లో ఎక్కువ భాగం నుడికారమే. కోచింగుల్లో పంచుతున్నవి జాతీయాలు.

పట్టికల్లో తప్పనిసరిగా కనిపించే పిల్లులు, కుక్కల వాననే తీసుకుందాం. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు జోరు వానను చూసి మామూలుగా ‘ఇట్స్ పోరింగ్’ అంటారు. పిల్లులు, కుక్కల మాట వాళ్లందరికీ తెలుసు, కానీ పెద్దగా వాడరు. అది అరిగిపోయి చాలా కాలమైంది. ‘గలివర్స్ ట్రావెల్స్’ రాసిన జోనాథన్ స్విఫ్ట్ 1738లో, పెద్దింటి వాళ్లు కూర్చుని మాట్లాడుకునే అరిగిపోయిన మాటలను ఎగతాళి చేస్తూ ఒక పుస్తకం అచ్చు వేయించాడు. ఈ పిల్లులు, కుక్కల వాన అందులో ఉంది. అంటే దాదాపు మూడు వందల ఏళ్ల కిందటే పాతబడిన మాటను, కొత్తగా ఇంగ్లీషు నేర్చుకునే కుర్రవాడికి మొదటి పాఠంగా ఇస్తున్నాం. పూర్వం గడ్డికప్పుల మీద పడుకున్న పిల్లులు వానకు జారి కిందపడేవనీ, అందుకే ఈ మాట పుట్టిందనీ ఇంటర్నెట్‌లో ఒక కథ తిరుగుతుంటుంది. దానికి ఆధారం లేదు. అయినా మన పాఠాల్లో అది చరిత్రగా చలామణీ అవుతోంది.

పాతబడిన మాట వాడితే వచ్చే నష్టం చిన్నదే. సందర్భం తెలియకుండా వాడితే వచ్చే నష్టం పెద్దది. పట్టికలో ‘కిక్ ద బకెట్’ అంటే చనిపోవడం అని ఉంటుంది. అంతే ఉంటుంది. ఇప్పుడు మన భాషలో చూద్దాం. కన్నుమూశారు, పరమపదించారు, కాలం చేశారు, పోయారు, చనిపోయాడు, టపా కట్టేశాడు, బాల్చీ తన్నేశాడు. అన్నింటి అర్థమూ ఒకటే. కానీ తండ్రి పోయిన స్నేహితుణ్ణి పలకరించడానికి వెళ్లి ‘మీ నాన్నగారు బాల్చీ తన్నేశారట కదా’ అనేవాడు తెలుగుదేశంలో ఉండడు. ‘గారు’ తగిలించినా, బహువచనం పెట్టినా ఆ మాట చేసే గాయం తగ్గదు. ‘కిక్ ద బకెట్’ కూడా సరిగ్గా అలాంటిదే. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ లండన్ వీధి మాటలతో కూర్చిన నిఘంటువులో అది నమోదైంది, ఇప్పటికీ మొరటు హాస్యానికే పనికొస్తుంది. ఆఫీసుకు సెలవు చీటీలో తాతయ్య మరణాన్ని ఈ మాటతో రాసిన విద్యార్థి ఉత్తరం నేను చూశాను. వాడి దుఃఖం నిజం. వాడికి అర్థం తెలుసు, ఆ మాట ఏ నోటినుంచి ఎక్కడ వస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. అలాంటి సందర్భంలో ఇంగ్లీషువాళ్లు ‘పాస్డ్ అవే’ అంటారు. మన ‘కాలం చేశారు’ అంత మెత్తని మాట అది. అర్థంతోపాటు స్థాయినీ చెప్పని పట్టిక చేతిలో ఉండటం కంటే ఏ పట్టికా లేకపోవడం మేలు.

నుడికారానికి వస్తే, అది ఇంత రంగురంగులుగా ఉండదు. అందుకే దాన్ని ఎవరూ పట్టికగా అమ్మరు. తెలుగులో ‘తప్పు చేశాను’ అంటాం కాబట్టి ఇంగ్లీషులో ‘డిడ్ ఎ మిస్టేక్’ అంటాం. అక్కడ తప్పును ‘మేక్’ చేస్తారు, హోంవర్కును ‘డు’ చేస్తారు. ‘గురించి చర్చించాం’ అంటాం కాబట్టి ‘డిస్కస్డ్ అబౌట్’ అంటాం. ఇంగ్లీషులో ఆ ‘గురించి’ డిస్కస్ అనే మాటలోనే ఉంది, మళ్లీ పెట్టక్కర్లేదు. ‘నాకు వివరించండి’ కాస్తా ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ అవుతుంది, మధ్యలో ‘టు’ ఉండాలి. ‘ఫలానా ఆయనతో పెళ్లయింది’ అన్నది ‘మ్యారీడ్ విత్’ అవుతుంది, ఇంగ్లీషులో అక్కడా ‘టు’యే. వీటిలో ఒక్కటీ తెలివితక్కువ వల్ల వచ్చింది కాదు. తెలుగు వాక్యం తన పని తాను చేసుకుపోయింది, అంతే.

ఇంగ్లీషు చిన్న క్రియల సంగతి కూడా ఇదే. ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడం, ‘పుట్ అప్ విత్’ అంటే ఓర్చుకోవడం, ‘పుట్ అవుట్’ అంటే ఆర్పడం. ఇదేమి భాష అని పిల్లలు విసుక్కుంటారు. మన ‘పడు’ను చూడమంటాను. భయపడటం, కష్టపడటం, బయటపడటం, కనపడటం, మాట పడటం, ముడిపడటం. వీటిలో నిజంగా కింద పడినవాడు ఒక్కడూ లేడు. తెలుగు నేర్చుకునే విదేశీయుడు ఇక్కడ ఎంత తికమకపడతాడో ఊహించుకున్న విద్యార్థికి ఇంగ్లీషు మీద కోపం తగ్గుతుంది, కుతూహలం మొదలవుతుంది. ఈ చిన్న క్రియలు రోజుకు వందసార్లు చెవిన పడతాయి. నీలిరంగు చందమామ మాట నెలకొకసారి వినపడినా ఎక్కువే.

తెలుగు ప్రభావంతో వచ్చే తప్పులన్నింటినీ ఒకే గాటన కట్టడం కూడా నాకు నచ్చదు. కొన్ని చెవికి గుచ్చుకుంటాయి గానీ అర్థాన్ని చెడగొట్టవు. కొన్ని అర్థాన్నే తలకిందులు చేస్తాయి. ‘నుంచి’ని చూడండి. ‘2019 నుంచి’ అంటాం, ‘ఐదేళ్ల నుంచి’ అనీ అంటాం. మనకు ఒక్క నుంచి చాలు. ఇంగ్లీషు మొదలైన చోటుకు ‘సిన్స్’ పెడుతుంది, గడిచిన కాలానికి ‘ఫర్’ పెడుతుంది. ‘సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అన్నా అవతలివాడికి అర్థమవుతుంది, పని ఆగదు. కానీ ఇప్పటికీ అదే ఉద్యోగంలో ఉన్నవాడు ‘ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అన్నాడనుకోండి, ఆ ఉద్యోగం మానేశాడనే అర్థం వస్తుంది. ఇంటర్వ్యూలో తర్వాతి ప్రశ్న ఎందుకు మానేశారని. వీడు మానలేదంటాడు. ఆ క్షణంలో వీడి మాట మీద అనుమానం పుడుతుంది. మొదటి తప్పుకు ఎర్రసిరా పెట్టి రెండోదాన్ని వదిలేసే ఉపాధ్యాయులున్నారు. రెండోది వ్యాకరణరీత్యా శుభ్రంగా ఉంటుంది మరి!

ఇంతకంటే ప్రమాదకరమైనది ‘యెస్’. ‘మీకు మెయిల్ అందలేదా?’ అని అడిగితే తెలుగులో ‘అవును, అందలేదు’ అంటాం. అడిగినవాడి ఊహ సరైనదే అని ఒప్పుకోవడం మన పద్ధతి. ఇంగ్లీషులో ‘యెస్’ అంటే అందింది అని, ‘నో’ అంటే అందలేదు అని. అక్కడ ఊహతో పనిలేదు, జరిగినదాన్నే చెప్పాలి. ‘యెస్’ ఒక్కటీ అని ఊరుకుంటే అవతలివాడు మెయిల్ అందిందనుకుంటాడు, రెండు రోజులు పోతాయి. ‘డు యు మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?’ అని ఎవరైనా అడిగితే కూర్చోమనే సంతోషంతో ‘యెస్, యెస్’ అంటాం. అడిగింది మీకు అభ్యంతరమా అని, మనం చెప్పింది అభ్యంతరమే అని. ‘నో’ అని మొదలుపెట్టి పూర్తి వాక్యం చెప్పడమే దీనికి మందు. ‘నో, ఐ డిడ్‌న్ట్ గెట్ ఇట్’. పిల్లలకు నేను ముందు నేర్పేది ఇది.

అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదివే మన పిల్లలు తరగతిలో లేచి ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అంటారు. మన బడిలో సందేహం అడగటం వినయం. అక్కడ ‘డౌట్’ అంటే అపనమ్మకం. ఆచార్యుడు చెప్పినది నమ్మశక్యంగా లేదని వీడు అంటున్నట్టు వినిపిస్తుంది. ‘క్వశ్చన్’ అంటే సరిపోతుంది. అలాగే ‘2021లో పాస్ అవుట్ అయ్యాను’ అంటే అక్కడ ఆ ఏడు స్పృహ తప్పి పడిపోయానని. ‘గ్రాడ్యుయేట్’ అయ్యానని చెప్పాలి. ఇవి రెండే నిమిషాల్లో దిద్దుకోగలిగినవి, దిద్దుకుని తీరవలసినవి. ‘నిన్ననే వచ్చాను’ లోని ‘ఏ’ని పట్టుకుని ‘యెస్టర్‌డే ఓన్లీ’ అనడం, ‘కదా’కు బదులు ప్రతి వాక్యం చివరా ‘ఇజ్‌న్ట్ ఇట్’ తగిలించడం అలాంటివి కావు. అవి మన యాస. తీరిక దొరికినప్పుడు చూసుకోవచ్చు.

భారతీయులు ఇంగ్లీషు నుడికారంలో చేసే తప్పులను ఏరే పని కొత్తదేమీ కాదు. బొంబాయి సివిల్ సర్వీసులో పనిచేసిన జార్జ్ క్లిఫర్డ్ విట్‌వర్త్ 1907లోనే దీనిమీద ఒక పుస్తకం వేశాడు. దొర ఒప్పుకున్నదే ఒప్పు అనే ఆ చూపు మన వ్యాకరణ బోధనలో నేటికీ నిలిచి ఉంది. ఆ కాలంలోనే మనవైపు, పర్లాకిమిడిలో పాఠాలు చెబుతున్న గిడుగు వెంకట రామమూర్తి ఇందుకు పూర్తిగా భిన్నమైన వాదం తయారు చేసుకుంటున్నాడు. భాషలో ఏది సాధువో పాత వ్యాకరణ సూత్రం ఒక్కటే తేల్చలేదని, చదువుకున్న శిష్టులు నిత్యం ఎలా మాట్లాడతారో అదే ప్రమాణమని ఆయన పట్టుబట్టాడు. గ్రాంథికం కోసం వాదించిన పండితుల రాతల్లోంచే వాళ్ల సూత్రాలకు నిలవని ప్రయోగాలు ఏరి చూపించాడు. తెలుగు విషయంలో ఆయన గెలిచాడు కాబట్టే నేనీ వ్యాసం ఇలా రాయగలుగుతున్నాను. ఆ వాదాన్ని మన ఇంగ్లీషుకు మాత్రం ఎందుకు వర్తింపజేయం?

‘ప్రీపోన్’ అనే మాటనే చూడండి. ముందుకు జరపడం అనే అర్థంలో భారతదేశంలో పత్రికలు, న్యాయస్థానాలు, విశ్వవిద్యాలయాలు అన్నీ వాడుతున్న మాట. దాన్ని నోటినుంచి రానిస్తే మార్కులు కోసే పాఠశాలలున్నాయి. తమాషా ఏమిటంటే ఇది మనం పుట్టించిన తప్పు కూడా కాదు. 1913లో న్యూయార్క్ టైమ్స్ పత్రికకు వచ్చిన ఒక పాఠకుడి ఉత్తరంలో, ‘పోస్ట్‌పోన్’కు జోడీగా ఈ మాట కావాలనే ప్రతిపాదన ఉంది. వాళ్లు వాడలేదు, మనం వాడుకున్నాం. ‘కజిన్ బ్రదర్’, తోడల్లుడికి ‘కో-బ్రదర్’, తలంటుకు ‘హెడ్ బాత్’ కూడా ఇలాంటివే. మన బంధుత్వాలకు, మన స్నానాలకు ఇంగ్లీషులో మాటలు లేవు, మనం చేసుకున్నాం. ఇవి తప్పులు కావు. అయితే ఇవి మన ఊరి పొలిమేర దాటితే చెల్లని నాణేలు. లండన్‌లో సమావేశాన్ని ‘ప్రీపోన్’ చేద్దామంటే అవతలివాడు తెల్లబోతాడు. ‘మూవ్ ఇట్ ఫార్వర్డ్’ అన్నా కొందరు వెనక్కి జరపడమని అర్థం చేసుకుంటారు. ‘కెన్ వి డు ఇట్ ఎర్లియర్?’ అంటే చాలు. ఎవరితో మాట్లాడుతున్నామో చూసుకుని మాట ఎంచుకోవాలి. ఇంటి మాటను చూసి సిగ్గుపడవలసిన పని లేదు.

తెలుగువాళ్లకు నిజంగా నష్టం చేస్తున్నది ఏ పాఠ్యపుస్తకంలోనూ ‘తప్పులు’ అనే శీర్షిక కింద కనిపించదు. అది ‘అండి’ లేకపోవడం. ఫోను ఎత్తి ‘చెప్పండి’ అంటాం. ఎంత మర్యాద! ఆ మర్యాదంతా చివరి ‘అండి’లో ఉంది. ఇంగ్లీషులోకి మార్చి ‘టెల్ మీ’ అనేసరికి అది రాలిపోతుంది. అవతలివాడికి ‘ఊఁ, చెప్పు’ అన్నట్టు వినిపిస్తుంది. ‘ఫైలు పంపండి’ అనేది ‘సెండ్ మీ ద ఫైల్’ అవుతుంది, ‘రేపు రండి’ అనేది ‘కమ్ టుమారో’ అవుతుంది. మనసులో గౌరవం ఉంది, వాక్యంలో హుకుం ఉంది. విదేశీ మేనేజరు మనవాడు కటువు మనిషి అని నిర్ణయించుకుంటాడు. మనవాడికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే వ్యాకరణంలో దోషం లేదు, ఎవరూ దిద్దరు.

ఈ లోటు ఎక్కడో తెలియక కొందరు రెండో కొసకు పోతారు. ‘కైండ్లీ డు ద నీడ్‌ఫుల్’ అని రాస్తారు. అది వలస పాలన నాటి కచేరీ ఉత్తరాల మాట. వాళ్లు వదిలేశారు, మన ఫైళ్లలో మిగిలింది. అందులో వినయం కన్నా తాఖీదు వాసన ఎక్కువ. పైగా ఏం చేయమంటున్నారో అందులో ఉండదు. ఏం కావాలో అదే రాసి, ‘కుడ్ యు సెండ్ మీ ద ఫైల్ బై ఫ్రైడే?’ అని అడిగితే మర్యాదా ఉంటుంది, పనీ అవుతుంది.

ఇంగ్లీషు తన మర్యాదను క్రియ చివర పెట్టుకోదు. ఆజ్ఞను ప్రశ్నగా మారుస్తుంది, వర్తమానాన్ని భూతకాలంలోకి నెడుతుంది. ‘కెన్’ కంటే ‘కుడ్’ మెత్తన. ‘ఐ వాంట్’ కంటే ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్’ ఇంకా మెత్తన. ఇది మనకు బొత్తిగా పరాయి పద్ధతి కూడా కాదు. బస్సులో పక్కనున్న పెద్దాయనతో ‘కిటికీ తీయండి’ అనం. ‘కాస్త ఆ కిటికీ తీస్తారా?’ అంటాం. ప్రశ్న వేశాం, ‘కాస్త’ చేర్చాం. ఆ వాక్యం ఇంగ్లీషు ‘కుడ్ యు’కు తోబుట్టువు. తెలుగులో అప్పటికే చేస్తున్న పనిని ఇంగ్లీషులో చేయమని చెబితే పిల్లలు ఒక్క గంటలో పట్టుకుంటారు. ఉద్యోగంలో వాళ్ల మాటకు పెరిగే విలువ మాత్రం వంద జాతీయాలతోనూ రాదు.

జాతీయాల విషయంలో ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్లే ఒకరికొకరు అర్థం కాకుండా పోయిన సందర్భాలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ సైనికాధికారులు కలిసి కూర్చున్నప్పుడు జరిగిన ఒక గొడవను చర్చిల్ రాశాడు. బ్రిటిష్‌వాళ్లు ఒక పత్రాన్ని వెంటనే చర్చకు పెట్టాలనుకుని ‘టేబుల్’ చేస్తామన్నారు. అమెరికన్ల వాడుకలో ‘టేబుల్’ చేయడమంటే పక్కన పెట్టేయడం. ఇద్దరికీ కావలసింది ఒకటే అయినా చాలాసేపు వాదించుకున్నారట. మన పార్లమెంటు, శాసనసభల వాడుక బ్రిటిష్‌వాళ్లదే. అమెరికా కంపెనీకి పనిచేసే హైదరాబాద్ ఉద్యోగి ‘లెట్స్ టేబుల్ దిస్’ అని విని, కాగితాలు సిద్ధం చేసుకుని కూర్చుంటే అది అతని తప్పు కాదు.

కొరియా యుద్ధంలో ఇంతకంటే విషాదం జరిగింది. 1951 ఏప్రిల్‌లో ఇమ్‌జిన్ నది దగ్గర బ్రిటిష్ గ్లోస్టర్‌షైర్ పటాలాన్ని చైనా సేనలు చుట్టుముట్టాయి. పరిస్థితి ఎలా ఉందని అమెరికన్ జనరల్ అడిగితే బ్రిగేడియర్ టామ్ బ్రోడీ ‘ఎ బిట్ స్టికీ’ అన్నాడని చెబుతారు. బ్రిటిష్ సైనికుడి నోట ఆ మాటకు అర్థం ప్రాణం మీదికి వచ్చిందని. అమెరికన్ చెవికి అది కాస్త ఇబ్బందిగా ఉంది, నెట్టుకొస్తాం అన్నట్టు వినిపించింది. వెనక్కి రమ్మనే ఆదేశం సకాలంలో వెళ్లలేదు. వందల మంది బందీలయ్యారు. ఒకే భాష మాట్లాడే ఇద్దరు సేనానుల మధ్య ఇంత జరిగినప్పుడు, పట్టిక చూసి జాతీయం నేర్చుకున్న మనం దాన్ని వాడటానికి తొందరపడకూడదు. విని అర్థం చేసుకోవడం ముందు రావాలి. వాడటం ఎంత ఆలస్యమైనా ఫరవాలేదు.

విని అర్థం చేసుకోవడానికి మన దగ్గర ఇప్పటికే ఉన్న పెట్టుబడిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. తెలుగు దినపత్రిక చదివేవారికి తెలియకుండానే బోలెడు ఇంగ్లీషు జాతీయాలు వచ్చు. ‘బంతి కేంద్రం కోర్టులో ఉంది’, ‘నాణేనికి మరోవైపు’, ‘మొసలి కన్నీరు’, ‘తెల్ల ఏనుగులా మారిన ప్రాజెక్టు’, ‘వివాదానికి తెర దించారు’, ‘వెలుగులోకి వచ్చిన కుంభకోణం’. ఇవి మాటకు మాటగా ఇంగ్లీషులోనూ ఉన్నాయి. విలేకరులు దశాబ్దాలుగా అటునుంచి తెచ్చిపెట్టారు. తెలుగు మాధ్యమంలో చదివి, నాకేమీ రాదని కుంగిపోయే విద్యార్థి చేత నేను ముందు ఒక పత్రిక మొదటి పేజీలో ఇలాంటివి గీతలు పెట్టిస్తాను. వాటిని అలాగే ఇంగ్లీషులో చెప్పమంటాను. సగానికి సగం సరిపోతాయి. వాడి ముఖంలో ఆ పూట కనిపించే ధైర్యం చాలా విలువైనది.

అమెరికన్లతో పనిచేసేవారికి మరో దగ్గర దారి ఉంది. వాళ్ల ఆఫీసు మాటల్లో చాలానే బేస్‌బాల్ నుంచి వచ్చాయి. ‘టచ్ బేస్’ అంటే ఒకసారి మాట్లాడుకోవడం, ‘బాల్‌పార్క్ ఫిగర్’ అంటే ఉజ్జాయింపు లెక్క, ‘అవుట్ ఆఫ్ లెఫ్ట్ ఫీల్డ్’ అంటే ఊహించని వైపునుంచి. విడివిడిగా బట్టీ పడితే పది రోజుల్లో మరిచిపోతాం. ఒక ఆట పూర్తిగా చూసి బేస్ అంటే ఏమిటో, లెఫ్ట్ ఫీల్డ్ ఎక్కడుందో తెలుసుకుంటే ఆ మాటల కుటుంబమంతా గుర్తుంటుంది. క్రికెట్ తెలిసిన మనకు బ్రిటిష్‌వాళ్ల ‘స్టికీ వికెట్’ (చిక్కు పరిస్థితి) చెప్పకుండానే బోధపడినట్టు.

నిఘంటువు గురించి ఒక మాట. నేర్చుకునేవారి కోసం ఉద్దేశించిన ఇంగ్లీషు నిఘంటువులకు ఒరవడి పడింది ఇంగ్లాండులో కాదు, జపాన్‌లో. ఇంగ్లీషు బోధన నిపుణుడు హెరాల్డ్ పామర్ టోక్యోలో పనిచేస్తూ, ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో 1933లో ఒక నివేదికగా కూర్చాడు. ఆయనతో పనిచేసిన ఎ.ఎస్. హార్న్‌బీ తన సహచరులతో కలిసి చేసిన నిఘంటువు 1942లో టోక్యోలోనే అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ దాన్ని తిరిగి వేసింది. ఈనాటి ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ నిఘంటువు దాని సంతతే. జపాన్ విద్యార్థులు మనలాగే ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ దగ్గర తడబడేవాళ్లు కాబట్టి, ఏ క్రియ తర్వాత ఏ నిర్మాణం వస్తుందో చెప్పే పద్ధతి అందులో పెట్టారు. ఇప్పుడది ఫోనులో ఉచితంగా దొరుకుతుంది. మన పిల్లలు మాత్రం ఇంగ్లీషు మాటకు ఒక తెలుగు మాట చూపించే యాప్‌తో సరిపెట్టుకుంటున్నారు. అది అర్థం చెబుతుంది. పక్కన ‘టు’ పెట్టాలా వద్దా, మాట మొరటుదా మెత్తనిదా చెప్పదు. నేర్చుకునేవారి నిఘంటువు ఆ రెండూ చెబుతుంది. వీధిమాట అయితే ఆ సంగతీ పక్కనే రాసి ఉంటుంది.

పుస్తకంలో రాసుకునే పద్ధతి కూడా మార్చాలి. మాట, అర్థం అని రెండు గళ్లు గీస్తారు. నేను ఆ గళ్లు కొట్టివేయించి పూర్తి వాక్యం రాయిస్తాను. దాని కింద ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో తెలుగులోనే రాయమంటాను. ‘నో వరీస్. మా టీమ్ లీడరు, నేను ఆలస్యమైనందుకు క్షమించమన్నప్పుడు.’ ఇలా ఉంటే ఆ మాటతోపాటు ఆ గదీ ఆ మనుషులూ గుర్తుంటారు. అదే మాట వేర్వేరు మనుషుల నోట, ఒకే రకమైన సందర్భంలో మళ్లీ మళ్లీ వినపడినప్పుడు అది మన నోటికీ తనంతట వస్తుంది.

తెలియని జాతీయం వినపడినప్పుడు మనవాళ్లు చేసే పని ఒకటుంది. తల ఊపుతారు. అడిగితే ఇంగ్లీషు రాదనుకుంటారని భయం. తర్వాత ఇంటర్నెట్‌లో వెతుకుతారు, అక్కడ రెండు అర్థాలుంటే తోచినది తీసుకుంటారు. డాలస్‌లో పనిచేసే నా పాత విద్యార్థినితో ఒకసారి కాల్‌లో ఆమె మేనేజరు ఒక పని గురించి ‘లెట్స్ పంట్ ఆన్ దిస్’ అన్నాడట. బ్రిటిష్ వాడుకలో ‘పంట్’ వేయడమంటే పందెం కాయడం, తెగించి ప్రయత్నించడం. అమెరికన్ ఫుట్‌బాల్ నుంచి వచ్చిన మాటగా వాడితే ఇప్పటికి వదిలేసి తర్వాత చూడటం. పూర్తిగా ఎదురు అర్థాలు. ఆ అమ్మాయి తల ఊపలేదు. ‘సారీ, డస్ దట్ మీన్ వి ఆర్ డూయింగ్ ఇట్ ఆర్ నాట్?’ అని అడిగింది. ఇప్పుడు చేయడం లేదని ఆయన చెప్పాడు. అదే కాల్‌లో ఉన్న పుణె ఇంజినీరు అప్పటికే పని మొదలుపెట్టడానికి ఫైళ్లు తెరిచి కూర్చున్నాడట.